పికప్‌తో పెద్ద బోటు లాగడం, 4వ పాఠం: పేలోడ్ లెక్క, నీలం వైరు

ఈ వారం వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్ మోపే బరువును బార్లతో ట్రక్కు ముందు చక్రాలకూ పంచే కొక్కెం) బిగించడం నేర్పాలి. దాన్ని ఐదో పాఠానికి జరిపాను. మీ ట్రక్కు మీ బోటును లాగగలదా అని మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కలో ఎక్కువమంది రెండే చోట్ల దారి తప్పారు. ఆ రెండూ సరిచేసుకోకుండా హిచ్ కొంటే డబ్బు దండగ.

మొదటి తప్పు బోటు బరువులో ఉంది. బ్రోషర్‌లో డ్రై వెయిట్ అని ఉన్న అంకెనే లాగాల్సిన బరువుగా వేసుకున్నారు. ఆ అంకెలో ట్రైలర్ ఉండదు, గ్యాస్ (పెట్రోలు) ఉండదు. ఔట్‌బోర్డ్ బోట్లకైతే చాలాసార్లు ఇంజన్ కూడా ఉండదు. మన ఉదాహరణలోని 22 అడుగుల బౌరైడర్‌నే తీసుకోండి. ఇంజన్‌తో కలిపి బోటు 4,100 పౌండ్లు. రెండు యాక్సిళ్ల ట్రైలర్ 1,250. గ్యాస్ గ్యాలనుకు 6.1 పౌండ్లు తూగుతుంది కాబట్టి 40 గ్యాలన్లకు 244. బ్యాటరీలు, లంగరు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ట్యూబు, పనిముట్లు అన్నీ కలిపి 300. మొత్తం 5,894 అవుతుంది, 5,900 అనుకుందాం. 4,100 అనుకుని బయలుదేరినవాళ్లు 1,800 పౌండ్లు లెక్కలోకి రాకుండానే లాగుతున్నారు. వేక్ బోటు (వెనక పెద్ద అలలు లేపే బోటు) ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి: నీళ్లు గ్యాలనుకు 8.34 పౌండ్లు. 150 గ్యాలన్ల బ్యాలస్ట్ (బోటు బరువెక్కడానికి నింపే నీళ్లు) సగం ఖాళీ చేసి రోడ్డెక్కితే ఇంకా 600 పౌండ్లకు పైగా వెంట వస్తుంది. ర్యాంపు మీద నుంచి కదలకముందే పంపులు పూర్తిగా తిప్పండి.

రెండో తప్పు దీనికన్నా ప్రమాదం. "నా ట్రక్కు టో రేటింగ్ 11,000, బోటు 5,900, సగమే కదా" అనే లెక్క. టో రేటింగ్ ఎలా వస్తుందో తెలిస్తే ఆ ధీమా ఉండదు. ఎస్‌ఏఈ జే2807 ప్రమాణం ప్రకారం ట్రక్కులో 150 పౌండ్ల చొప్పున ఇద్దరే ఉన్నట్టు లెక్కగడతారు. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ చడావు మీద 11.4 మైళ్లు, కనీసం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, వేగం 40 మైళ్ల కిందికి పడకుండా ఎక్కాలి. ఇంజనుకూ ట్రాన్స్‌మిషనుకూ అది గట్టి పరీక్షే. కానీ మీ ట్రక్కులో ఇద్దరే ఉండరు. వేసవికి అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటారు, వెనక సీటు నిండుతుంది. ముందుగా దాటేది టో రేటింగ్ కానే కాదు, పేలోడ్.

డ్రైవర్ తలుపు తెరిస్తే స్తంభం మీద టైర్ల స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో ఒక అంకె రాసి ఉంటుంది. మన ఉదాహరణ ట్రక్కుకు అది 1,540 పౌండ్లు. డ్రైవర్ కూడా ఈ లెక్కలోకే వస్తాడు. భార్యాభర్తలు 330, అమ్మానాన్నలు 300, పిల్లవాడు 70, ఐస్ పెట్టె, సంచులు 120. బెడ్డు మీద తర్వాత వేయించిన కవర్ 60, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 90. ఇవన్నీ కలిపి 970. మిగిలింది 570. టంగ్ వెయిట్ (ట్రైలర్ ముందు కొస ట్రక్కు హిచ్ మీద మోపే బరువు) ట్రైలర్ బరువులో పది శాతం అనుకుంటే 590. బోటు తగిలించగానే 20 పౌండ్లు ఎక్కువైంది. 11,000 లాగగల ట్రక్కు 5,900 దగ్గరే చేతులెత్తేసింది.

ఇక్కడే అందరూ ఎయిర్‌బ్యాగుల (వెనక స్ప్రింగులకు తోడుగా పెట్టే గాలి సంచుల) మాట ఎత్తుతారు. ఫైర్‌స్టోన్ రైడ్-రైట్, ఎయిర్ లిఫ్ట్ లాంటివి మంచి సరుకే. కుంగిన వెనక భాగాన్ని ఎత్తుతాయి. కానీ తలుపు మీది స్టిక్కర్‌లో ఒక్క పౌండు కూడా పెంచవు. యాక్సిల్, బేరింగులు, చక్రాలు, ఫ్రేము, బ్రేకులు పాతవే. పైగా వెనక భాగం సమంగా కనబడేసరికి ముందు చక్రాల మీద బరువు తగ్గిపోయిన సంగతి కంటికి ఆనదు. ఎంత తగ్గుతుందో చూద్దాం. వీల్‌బేస్ 145 అంగుళాలు, వెనక యాక్సిల్ నుంచి హిచ్ బాలు వరకు 55 అంగుళాలు. 590 పౌండ్ల టంగ్ వెయిట్ వెనక యాక్సిల్ మీద 590×200÷145, అంటే 814 పౌండ్లు మోపుతుంది. ముందు యాక్సిల్ నుంచి 224 పౌండ్లు లేచిపోతాయి. స్టీరింగ్ తేలికవడం, వానలో ముందు చక్రాలు జారడం ఇందువల్లే. ఈ 224లో కొంత తిరిగి ముందుకు తెచ్చేవి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు మాత్రమే. బ్యాగులు తేలేవు. బ్యాగులు కూడా పెట్టుకుంటే బార్లు సర్దేటప్పుడు వాటిలో 5 పీఎస్‌ఐ మాత్రమే ఉంచండి.

పేలోడ్ మిగుల్చుకోవడానికి నేను ముందు చేసేది డబ్బు ఖర్చులేని పని: ఇద్దరిని ఇంకో కారులో పంపడం. రెండోది టంగ్ వెయిట్ సర్దడం. బోటు ట్రైలర్లకు మామూలుగా 5 నుంచి 10 శాతం చాలు. 5 కన్నా తగ్గితే హైవే మీద ట్రైలర్ ఊగుతుంది. నేను ఎప్పుడూ 8 దగ్గర పెడతాను. 5,900కు 8 శాతమంటే 472, అంటే పేలోడ్ మీద 118 పౌండ్ల భారం తగ్గింది. ఎక్కువమంది దీనికోసం వించ్ పోస్టు (బోటు ముక్కును పట్టి ఉంచే స్తంభం) వెనక్కి జరిపి బోటును వెనక్కి నెడతారు. దానివల్ల ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) బంకుల (ట్రైలర్ మీద బోటు ఆనే పొడవాటి దుంగల) అంచు దాటి గాలిలో వేలాడి, క్రమంగా బోటు అడుగు వంగిపోతుంది. ట్రాన్సమ్ బంకుల మీదే ఉండాలి. యాక్సిళ్లు యూ-బోల్టులతో బిగించిన ట్రైలర్ అయితే యాక్సిళ్లనే ముందుకు జరపండి. కప్లర్ (ట్రైలర్ ముందు కొసన బాలు మీద కూర్చునే భాగం) నుంచి యాక్సిళ్ల మధ్యకు 18 అడుగులున్న మన ట్రైలర్‌కు అంగుళానికి దాదాపు 25 పౌండ్లు తగ్గుతాయి, ఐదంగుళాలలోపే సరిపోతుంది. రెండు యాక్సిళ్లనూ ఒకేలా జరిపి, కప్లర్ మధ్య నుంచి ఎడమ కొసకూ కుడి కొసకూ కొలవండి. తేడా అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే టైర్లు ఒకవైపు అరిగిపోతాయి. గ్యాస్ ట్యాంకు వెనక ఉన్న బోట్లకు ట్యాంకు ఖాళీ అయ్యే కొద్దీ టంగ్ వెయిట్ పెరుగుతుంది. మీరు రోడ్డు మీద వెళ్లేటప్పుడు ట్యాంకు ఎంత నిండి ఉంటుందో అలా ఉంచే కొలవండి.

ఇక రిసీవర్ (ట్రక్కు వెనక హిచ్ దూర్చే గొట్టం) మీది స్టిక్కర్. చాలా ఏళ్ల ఎఫ్-150ల మీద బార్లు లేకుండా ట్రైలర్ 5,000, టంగ్ 500 అని ఉంటుంది. మన 472 రెండో అంకె లోపలే ఉంది, కానీ 5,900 మొదటి అంకె దాటింది. రెండూ ఒకేసారి నిలవాలి, కాబట్టి బార్లు తప్పవు. బాలు సైజు, పిన్ను, గొలుసుల సంగతి రెండో పాఠంలో అయిపోయింది, మళ్లీ రాయను.

బార్లు అనగానే సర్జ్ బ్రేకుల సమస్య వస్తుంది. బోటు ట్రైలర్లలో ఎక్కువ వాటికి ఇవే ఉంటాయి. ట్రక్కు ఆగేటప్పుడు ట్రైలర్ ముందుకు తోస్తుంది. ఆ తోపుకు కప్లర్ లోపలికి జారి మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది. బార్లు ఆ జారుడును పట్టేస్తే ట్రైలర్‌కు బ్రేకులే లేవు. కప్లర్ తయారీదారు వెయిట్ డిస్ట్రిబ్యూషన్‌కు ఒప్పుకున్నాడా లేదా పుస్తకంలో చూడండి. రాపిడితో పనిచేసే స్వే కంట్రోల్ (ట్రైలర్ ఊగకుండా పట్టే సాధనం) మాత్రం సర్జ్ కప్లర్‌తో వాడకూడదు. 6,000 దాటేవాళ్లకు నా సలహా ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ యాక్చుయేటర్ (కరెంటుతో బ్రేక్ నూనెను తోసే పరికరం), డిస్క్ బ్రేకులకైతే 1,600 పీఎస్‌ఐ ది. ఖర్చు ఎక్కువే గానీ బార్లతో గొడవ ఉండదు. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండి తీరాలి.

ఇప్పుడు నీలం వైరు. ఈ ఒక్క తప్పు మీద ఎంత రాసినా తక్కువే.

బోటు ట్రైలర్ ఐదు పిన్నుల బల్లపరుపు ప్లగ్గులో తెలుపు ఎర్త్, గోధుమ టెయిల్ లైట్లు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి, నీలం రివర్స్. రివర్స్ గేరు వేయగానే ఈ నీలం వైరుకు కరెంటు వచ్చి, సర్జ్ కప్లర్ మీది సొలినాయిడ్ (కరెంటుతో పనిచేసే కవాటం) బ్రేక్ నూనె దారి మూసేస్తుంది. అందుకే వెనక్కి తోసినా ట్రైలర్ బ్రేకులు పట్టవు. ట్రక్కు వెనక ఉండే ఏడు పిన్నుల సాకెట్‌లో మాత్రం నీలం అంటే ఎలక్ట్రిక్ బ్రేక్ సిగ్నల్. అందులో రివర్స్ మధ్య పిన్ను. రంగు చూసి నీలానికి నీలం కలిపారనుకోండి. బ్రేక్ పెడల్ తొక్కిన ప్రతిసారీ ట్రక్కులోని ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఆ వైరులోకి కరెంటు పంపుతుంది, సొలినాయిడ్ మూసుకుంటుంది, కప్లర్ నొక్కుతున్నా నూనె చక్రాలకు చేరదు. సరిగ్గా బ్రేక్ కావాల్సిన క్షణంలోనే బ్రేక్ పోతుంది. 5,900 పౌండ్లూ ట్రక్కు బ్రేకుల మీదే పడతాయి.

ఇది ఎందుకు బయటపడదంటే, లైట్లన్నీ చక్కగా వెలుగుతాయి. కనబడే లక్షణం ఒక్కటే: రివర్స్‌లో సొలినాయిడ్‌కు కరెంటు రాదు కాబట్టి వాలు మీదికి వెనక్కి తోస్తుంటే ట్రైలర్ మొరాయిస్తుంది. అప్పుడు సర్జ్ బ్రేకులే పనికిమాలినవని తిట్టి, కప్లర్ జారకుండా పిన్ను దూర్చేస్తారు. ఆ పిన్ను తీయడం మరిచిపోయి హైవే ఎక్కితే ఇంకోసారి బ్రేకులు లేనట్టే.

పరీక్ష ఇలా చేయండి. సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి బ్రేక్ తొక్కి చూస్తే సరిపోదు. ట్రైలర్ తగిలించి లేకపోతే కొన్ని కొత్త ట్రక్కుల కంట్రోలర్లు బ్రేక్ పిన్నుకు కరెంటే పంపవు, సున్నా చూసి అంతా బాగుందనుకుంటారు. ఏడు నుంచి ఐదుకు మార్చే అడాప్టర్‌ను ట్రక్కు నుంచి ఊడదీయండి. మీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి ఒక కొస ఐదు పిన్నుల వైపు నీలం మీద, రెండో కొస ఏడు పిన్నుల వైపు మధ్య పిన్ను మీద ఆనించండి. బీప్ రావాలి. తర్వాత అదే నీలానికీ బ్రేక్ పిన్నుకూ మధ్య చూడండి. బీప్ రాకూడదు. వచ్చిందంటే ఆ అడాప్టర్ పారేయండి. ఇప్పుడు ట్రక్కుకు తగిలించి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో రివర్స్ వేయండి. ట్రైలర్ దగ్గర నిలబడ్డ మనిషికి సొలినాయిడ్ టక్కుమన్న శబ్దం వినబడాలి. ఆ శబ్దం వచ్చాక కూడా ర్యాంపు మీద బ్రేకులు పట్టేసి ఉంటే, కప్లర్ నొక్కుకుని ఉండగానే రివర్స్ వేశారన్నమాట. ఒక అడుగు ముందుకు పోనిచ్చి, కప్లర్ సాగాక వేయండి. ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ పెట్టుకున్నవాళ్లకు నీలం బ్రేక్ పిన్నుకే వెళ్లాలి. వాళ్లు ఈ పరీక్ష చేయక్కర్లేదు.

టైర్ల గురించి క్లుప్తంగా. ట్రక్కుకు పీ-మెట్రిక్ (కార్ల తరగతి) టైర్లుంటే వాటి మీద రాసిన బరువును 1.1తో భాగించాలి. 116 ఇండెక్స్ అంటే 2,756 పౌండ్లు, ట్రక్కు మీద 2,505 గానే లెక్క. అదే సైజులో ఎల్‌టీ (లైట్ ట్రక్) టైరు, లోడ్ రేంజ్ 'E' ది, 80 పీఎస్‌ఐ దగ్గర 3,415 మోస్తుంది. పాత స్టిక్కర్ చూసి అందులో 35 పీఎస్‌ఐ కొడితే మాత్రం పాత టైరు కన్నా తక్కువ మోస్తుంది. గాలి లోడ్ టేబుల్ చూసి పెట్టండి. ట్రైలర్ టైర్ల గాలి పక్కగోడ మీద రాసినంత, ఒక్క పీఎస్‌ఐ కూడా తగ్గించొద్దు. పక్కగోడ మీది నాలుగంకెల తేదీ ఆరేళ్లు దాటితే అరుగుదల చూడక్కర్లేదు, మార్చేయండి.

ట్రాన్స్‌మిషన్ కూలర్ ఎండాకాలం డాలస్‌లో పనికొస్తుంది. రేడియేటర్‌లోని కూలర్ తర్వాత వరసలో పెట్టండి. యాక్సిల్ గేర్లు మార్చడం ఈ బరువుకు నేను చెప్పను. గేర్ నిష్పత్తి 3.31 నుంచి 3.73కు వెళితే టార్క్ 12.7 శాతం పెరుగుతుంది, కానీ ఫోర్ వీల్ డ్రైవ్‌లో రెండు యాక్సిళ్లూ విప్పాలి, ఆ తర్వాత కూడా పేలోడ్ 1,540 గానే ఉంటుంది.

అభ్యాసం. ఐదో పాఠం లోపు ట్రక్ స్టాపులోని క్యాట్ స్కేల్ మీద తూచండి. బోటులో ప్రయాణానికి పెట్టేదంతా పెట్టి, ఇంట్లోవాళ్లందరినీ ట్రక్కులో కూర్చోబెట్టి, ట్యాంకు నింపి వెళ్లండి. మొదట ట్రైలర్ తగిలించి, బార్లు లేకుండా: స్టీర్ (ట్రక్కు ముందు యాక్సిల్), డ్రైవ్ (వెనక యాక్సిల్), ట్రైలర్ యాక్సిళ్లు మూడూ వేర్వేరు పలకల మీద. బార్లు ఇంకా కొనని వాళ్లు 5,000 దాటిన ట్రైలర్‌ను స్కేలు దాకా లాగొద్దు. బార్లున్న ట్రక్కు గల మిత్రుడి సాయం తీసుకోండి, మీ ట్రక్కుకు స్కేలు దగ్గరే తగిలించి తూచండి. తర్వాత ట్రైలర్ విడదీసి ట్రక్కు ఒక్కటే. అదే స్కేల్‌లో 24 గంటల లోపు మళ్లీ తూస్తే రుసుము తక్కువ. మొదటి చీటీలో స్టీర్, డ్రైవ్ కలిపిన అంకె నుంచి రెండో చీటీ మొత్తం తీసేస్తే వచ్చేది టంగ్ వెయిట్. స్టీర్ ఎంత తగ్గిందో విడిగా రాయండి. డ్రైవ్ అంకెను తలుపు మీది వెనక జీఏడబ్ల్యూఆర్‌తో (ఆ యాక్సిల్ మోయగల గరిష్ఠ బరువు), స్టీర్ డ్రైవ్ కలిపిన అంకెను జీవీడబ్ల్యూఆర్‌తో (ట్రక్కు మొత్తం గరిష్ఠ బరువు) పోల్చండి. ఇదంతా బోటు ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, పావు ఉన్నప్పుడు ఇంకోసారి. స్కేలు దగ్గర్లో లేనివాళ్లు టంగ్ వెయిట్ వరకు ఇంట్లోనే చూడొచ్చు: మూడడుగుల దుంగ ఒక కొస ఇటుక మీద, రెండో కొస బాత్రూం కాటా మీద. ఇటుక నుంచి సరిగ్గా అడుగు దూరంలో, ట్రైలర్ సమంగా ఉండేట్టు, చక్రాలకు అడ్డు పెట్టి కప్లర్ జాక్‌ను దించండి. దుంగ బరువుకు కాటా చూపేది ముందే తీసేసి, మిగిలిన అంకెను మూడుతో గుణించండి. ట్రక్కు వీల్‌బేస్, బాలు దూరం కూడా అంగుళాల్లో కొలిచి ఉంచుకోండి. బార్లకు ఎన్ని లింకులు వేయాలో వచ్చే పాఠంలో ఆ అంకెలతోనే తేలుస్తాం.