ఇంజిన్ ఆయిల్ లీకేజీ: కారు కిందికి దూరే ముందు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. జాకీ కారును పైకి లేపడానికి మాత్రమే, ఆపి ఉంచడానికి కాదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద పడుకోవద్దు. గట్టిగా, చదునుగా ఉన్న నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీదే ఉండే చక్రాలకు అడ్డు పెట్టి, బరువును జాక్ స్టాండ్ల (లేపిన కారును మోసి ఆపి ఉంచే స్టాండ్లు) మీదికి దించాలి. కారును చేత్తో ఊపి చూశాకే కిందికి వెళ్లండి. స్టాండ్లు లేకపోతే ఆ రోజు పని మానుకోండి.

- ఇంజిన్, సైలెన్సర్ పైపులు చల్లారాలి.
- డిప్‌స్టిక్ (ఇంజిన్‌లో ఆయిల్ ఎంతుందో చూపే కడ్డీ) చూడండి. ఆయిల్ కనీస గీత కన్నా తక్కువుంటే ముందు పోయండి, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దు.
- ఆయిల్ పైనుంచి కారి కిందికొస్తుంది, గాలికి వెనక్కి కూడా పాకుతుంది. తడిసిన చోటే లీకు అనుకోకండి. ఆ భాగమంతా శుభ్రంగా తుడిచి, కాసేపు ఇంజిన్ నడిపి ఆపాక, కొత్త తడి మొదలైన చోటు వెతకండి. మూసిన గ్యారేజీలో మాత్రం ఇంజిన్ నడపొద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.
- ఆయిల్ ఫిల్టర్ మారుస్తుంటే పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉందేమో చూడండి. దానిమీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే ఆయిల్ ధారగా పోతుంది.
- పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టును బలమంతా పెట్టి బిగించొద్దు, మరలు పాడవుతాయి. మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాలి.
- గ్లవుజులు, కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. పాత ఆయిల్‌ను మూతున్న డబ్బాలో పట్టి రీసైక్లింగ్‌కు ఇవ్వండి, కాలువలో పోయొద్దు.

ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య నుంచి కారుతుంటే గేర్‌బాక్స్ దించాల్సి రావచ్చు. అది మెకానిక్‌కే వదిలేయండి.