లూజ్, లూస్: ఎర్ర గీత పట్టుకోని తప్పులు

అనంతపురం గడియార స్తంభం దగ్గర అర్జీలు టైపు చేసే నాకు ఎక్కువగా తగిలే తప్పులు కంప్యూటరు కింద ఎర్ర గీత గీయనివే, ఎందుకంటే తప్పుగా పడిన మాట కూడా ఇంగ్లీషులో సరైన మాటే అయి ఉంటుంది. ఒకసారి వేరుశనగ రైతు అర్జీలో ‘వాన రాకపోతే పెట్టుబడి పోగొట్టుకుంటాము’ అనవలసిన చోట ‘పెట్టుబడి వదులు చేస్తాము’ అనే అర్థం వచ్చేలా నేనే కొట్టాను.

సమస్య: ‘పోగొట్టుకొను’ అనే అర్థమున్న ఇంగ్లీషు క్రియ స్పెల్లింగులో ఒక ‘ఓ’ ఉండవలసి ఉండగా రెండు పడుతున్నాయి.

కారణం: ఇంగ్లీషులో పోగొట్టుకోవడం ‘లూజ్’, వదులుగా ఉండటం ‘లూస్’. మనమేమో దర్జీ దగ్గర ‘చొక్కా లూజుగా ఉంది’ అంటూ రెండవ మాటకు మొదటి మాట ధ్వనిని అంటగట్టాము. కాబట్టి చెవిని నమ్మి రాసినవారికే ఇక్కడ తారుమారు అవుతుంది.

పరిష్కారం: గొంతు మీద రెండు వేళ్లు ఆనించి చివరి ధ్వనిని సాగదీయండి. ‘లూస్’ చివర వేళ్లకు ఏమీ తెలియదు. ‘లూజ్’ చివర తుమ్మెద రొదలాంటి అదురు తగులుతుంది. అయితే మన ‘జ’ పలికేటప్పుడు నాలుక పైకి తగిలి ఆగుతుంది, ఇంగ్లీషు ధ్వనిలో ఆగకుండా గాలి జారిపోవాలి. అదురున్న మాటకు ఒకటే ‘ఓ’: పోగొట్టుకున్న మాట తన ‘ఓ’ను కూడా ఒకటి పోగొట్టుకుందని గుర్తుపెట్టుకోవచ్చు. సలహా విషయంలోనూ ఇదే పరీక్ష పనిచేస్తుంది: అదురు లేని ‘అడ్వైస్’ నామవాచకం, దానికి ‘సి’, అదురున్న ‘అడ్వైజ్’ క్రియ, దానికి ‘ఎస్’.

సమస్య: పాల కేంద్రం బోర్డు మీద దినచర్య పుస్తకం పేరు కనిపిస్తోంది.

ఇక్కడ మాత్రం తెలుగే మనకు అండ. ‘డైరీ’ అన్నప్పుడు ముందు వినిపించేది ‘ఐ’ కనుక ‘డి’ తర్వాత ‘ఐ’, ఆపైన ‘ఎ’ రాయాలి. ‘డెయిరీ’లో ముందు ‘ఎ’ వినిపిస్తుంది కనుక ఆ రెండు అక్షరాల వరుస తిరగబడుతుంది. పలికినట్టే రాయండి, చాలు.

సమస్య: చెవికి తేడాయే తెలియని జంటలు.

వీటికి గొంతు పరీక్ష పనికిరాదు, అర్థాన్ని అక్షరానికి ముడివేయడమే మార్గం. అప్పులో అసలు, కళాశాల అధిపతి, ఈ రెండూ ‘పి-ఎ-ఎల్’తో ముగిసే ‘ప్రిన్సిపల్’. సూత్రం అనే అర్థమున్నది ‘పి-ఎల్-ఇ’తో ముగుస్తుంది. కాగితాలు, కలాలు అమ్మే ‘స్టేషనరీ’లో ‘ఆర్’కు ముందు ‘ఇ’ రావాలి, ఎన్వలప్ మొదటి అక్షరం అదే కనుక. కదలక నిలబడి ఉన్నదన్న అర్థంలో ఆ చోట ‘ఎ’ వస్తుంది. ఆగి ఉన్న కారు స్పెల్లింగును తలచుకుంటే ఆ ‘ఎ’ గుర్తుంటుంది.

మన జిల్లా అర్జీలలో తప్పకుండా వచ్చే కరువుకు మాత్రం ఇది తిరగబడుతుంది: ‘డ్రౌట్’లోని ‘ఓ’ తీసి ‘ఎ’ పెడితే, స్పెల్లింగులో ఒక్క అక్షరమే మారినా, పలుకు ‘డ్రాఫ్ట్’ అవుతుంది, అర్థం సందులోంచి వీచే చల్లగాలి అవుతుంది. ఆ మాట టైపు చేశాక నేను పైకి చదివిగాని ప్రింటు తీయను.