నిమ్మ వేళ్లకు మైకోరైజా ఎలా పట్టించాలి?

బెంగళూరులో ఇల్లు కట్టుకున్న మనవాళ్లు కాంపౌండ్ పక్కన కాస్త చోటుంటే చాలు, నిమ్మ మొక్క పెడతారు. ఆ మట్టిలో ఏముందో మాత్రం ఎవరూ చూడరు. పాత గోడల పెయింట్ పెచ్చులు, 2000 వరకు వాడిన సీసం పెట్రోలు పొగ అందులో చేరి ఉండొచ్చు. సీసం కుళ్లిపోయేది కాదు, పడ్డచోటే ఉండిపోతుంది. దాన్ని కదలనీయకుండా పట్టి ఉంచడంలో తోడ్పడేది మైకోరైజా, అంటే మొక్కల వేళ్లను అంటిపెట్టుకుని పెరిగే శిలీంధ్రం.

నిమ్మ వేళ్లకు నూగు తక్కువ. అందుకే భాస్వరం కోసం ఈ శిలీంధ్రం మీద బాగా ఆధారపడుతుంది, బదులుగా దానికి చక్కెర ఇస్తుంది. మైకోరైజాతో ముడిపడిన గ్లోమాలిన్ అనే జిగురు ప్రొటీన్‌ను అమెరికా శాస్త్రవేత్త సారా రైట్ 1996లో గుర్తించారు. అది మట్టి రేణువుల్ని అంటించి ఉంచుతుంది, సీసం, కాడ్మియం, రాగి లాంటి లోహాలనూ పట్టుకుంటుంది.

మొక్క కొనేటప్పుడు బాలాజీ నిమ్మ దొరికితే అదే తీసుకోండి. తిరుపతి పరిశోధన కేంద్రంలో రూపొందిన ఈ రకం గజ్జి తెగులును తట్టుకుంటుంది. కాబట్టి కాపర్ మందు పిచికారీ తగ్గుతుంది. ఆ రాగి కూడా ఏళ్ల తరబడి పాదులోనే పేరుకుంటుంది మరి.

రెండడుగుల గుంత తీసి, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. చెరువు మట్టి మంచిదే, కానీ బెళ్లందూరు, వర్తూరు లాంటి మురుగు చేరే చెరువులది వద్దే వద్దు. వ్యామ్ పేరుతో అమ్మే మైకోరైజా పొడిని, గడువు తేదీ చూసి, 50 నుంచి 100 గ్రాములు వేళ్లకు తగిలేలా వేయండి. పైపైన చల్లితే దండగ. ఇప్పటికే ఉన్న చెట్టయితే కొమ్మల చివర్ల కింద సన్నని వేళ్లు కనిపించేదాకా అక్కడక్కడా గుంతలు తీసి, పొడి వేసి మూసి, నీళ్లు పెట్టండి.

అసలు కష్టం దాన్ని బతికించుకోవడమే. గుప్పెళ్లకొద్దీ డీఏపీ వేస్తే భాస్వరం తేరగా దొరికి, చెట్టు శిలీంధ్రాన్ని దూరం పెడుతుంది. పాదును పదేపదే తవ్వితే శిలీంధ్రపు దారాలు తెగిపోతాయి. శిలీంధ్రనాశక మందులు పాదులో పోయొద్దు. ఎండుటాకులు పరిచి, చుట్టూ బంతి పెట్టండి, దాని వేళ్లలోనూ మైకోరైజా పెరుగుతుంది. ముల్లంగి, ఆవాల వేళ్లకు ఇది పట్టదు.

కొన్ని నెలలయ్యాక పాదులోంచి ఎండిన మట్టిగడ్డ ఒకటి తీసి గ్లాసు నీళ్లలో మెల్లగా వేయండి. వెంటనే విడిపోయి నీళ్లు బురదైతే అందులో జిగురు చాలదన్నమాట. గడ్డ చాలాసేపు నిలిస్తే మట్టి కట్టు పడుతోందని అర్థం.

ఇది లోహాన్ని తగ్గించదు, కదలికను మాత్రమే కట్టడి చేస్తుంది. ఆమ్లగుణం ఎక్కువైతే సీసం సులువుగా కరుగుతుంది. బెంగళూరు ఎర్రనేలల్లో చాలావాటికి ఆ గుణం ఉంది కాబట్టి పీహెచ్ (ఆమ్లగుణం కొలత) పరీక్ష చేయించి, అవసరమైతే సున్నం వేయండి. మామూలు భూసార పరీక్షలో సీసం, కాడ్మియం ఉండవు, ప్రత్యేకంగా అడగాలి. సీసం ఎక్కువని తేలితే అక్కడ ఆకుకూరలు వేయకండి, పిల్లల్ని ఆ మట్టిలో ఆడనీయకండి, నిమ్మను కొత్త మట్టి నింపిన పెద్ద కుండీలో పెట్టుకోండి.