ఫోన్ రిపేర్‌కి ఇచ్చే ముందు కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసుకోవడం ఎలా

రిపేర్‌కి ఫోన్ ఇస్తూ "డేటా ఏం పోదు కదా" అని అడిగితే "ఏం పోదులెండి" అనే అంటారు ఎవరైనా, సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో మాత్రం డేటాకి మా బాధ్యత లేదని రాసుంటుంది. వాళ్ళని అని కూడా లాభం లేదు. స్క్రీన్ మార్చినా, బ్యాటరీ మార్చినా మామూలుగా లోపలున్నవి అలాగే ఉంటాయి, కానీ విప్పాక బోర్డ్ పోయిందని తేలితే మొత్తం పోయినట్టే, ఎందుకంటే స్టోరేజ్ చిప్ ఉండేది ఆ బోర్డ్ మీదే. చిప్ ఊడదీసి ఇంకోదానికి పెట్టి చదువుదామన్నా ఇప్పటి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యుంటుంది, అంటే ఆ ఫోన్‌లో తప్ప చదవడం కుదరని గుర్తుల్లో ఉంటుంది, కాబట్టి కుదరదు. అందుకని బ్యాకప్ మనమే, ముందే తీసుకోవాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తా. చాలామంది ఫోటోలు కాపీ చేసుకుని బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. నిజానికి ఫోటోలే కాస్త సేఫ్, సగం మందికి అవి ఎలాగూ క్లౌడ్‌లో ఉంటాయి. కేబుల్ పెడితే కనపడనివి ఉంటాయి చూడండి, మెసేజ్‌లు, ఓటీపీ యాప్ కోడ్‌లు, నోట్స్, లాక్ చేసి దాచుకున్న ఫోల్డర్లు, పోయాక ఏడిపించేవి అవే.

ముందు ఫోన్ ఏ స్థితిలో ఉందో చూడండి

బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోతుంటే, లేదా నీళ్ళలో పడి తడి ఇంకా ఆరలేదంటే కేబుల్ పెట్టొద్దు, పెట్టిన క్షణం నుంచి కంప్యూటర్ దానికి కరెంట్ ఇస్తూనే ఉంటుంది. అలాంటప్పుడు బ్యాకప్ సంగతి పక్కన పెట్టి ఆఫ్ చేసి ఇచ్చెయ్యడమే మంచిది, కాకపోతే నాకు డేటా ముఖ్యం, బోర్డ్ మార్చే ముందు నన్నడగండి అని గట్టిగా చెప్పి కాగితం మీద రాయించండి.

స్క్రీన్ కనపడుతోంది కానీ టచ్ పనిచెయ్యట్లేదంటే ఆండ్రాయిడ్‌కి ఓటీజీ అడాప్టర్‌తో (ఫోన్ పోర్ట్‌కి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న ముక్క) మామూలు యూఎస్‌బీ మౌస్ పెట్టి చూడండి, చాలా ఫోన్లలో బాణం గుర్తు వచ్చేస్తుంది, దాంతో క్లిక్ చేస్తూ పిన్ కొట్టి లాక్ తీసి కావాల్సిన సెట్టింగ్‌లు మార్చుకోవచ్చు. తర్వాత మౌస్ తీసి కంప్యూటర్ కేబుల్ పెట్టాలి, కాబట్టి ముందు స్క్రీన్ టైమౌట్ పెంచుకోండి, లేకపోతే కేబుల్ మార్చేలోపు మళ్ళీ లాక్ పడి కూర్చుంటుంది.

స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉంటే కష్టమే. ఇంతకుముందే యూఎస్‌బీ డీబగ్గింగ్ (కంప్యూటర్ నుంచి ఫోన్‌ని నడిపించనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి ఆ కంప్యూటర్‌కి పర్మిషన్ ఇచ్చుంటే స్క్రీ‌న్ కాపీ చేసే స్క్రాపీ (scrcpy) లాంటి ప్రోగ్రామ్‌తో ఫోన్ స్క్రీన్‌ని కంప్యూటర్ మీద చూడొచ్చు. కొన్ని ఫోన్లకి టైప్ సి నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్ పెడితే మానిటర్ మీద బొమ్మ వస్తుంది, కానీ అన్నిటికీ రాదు. ఇవేవీ కుదరకపోతే స్క్రీన్ మార్పించుకుని, మిగతా రిపేర్ ఏదైనా ఉంటే దానికి ముందు బ్యాకప్ తీసుకోండి.

కేబుల్ దగ్గరే సగం మంది ఆగిపోతారు

కేబుల్ పెట్టాక చార్జ్ ఎక్కుతోంది కానీ కంప్యూటర్‌లో ఫోన్ కనపడట్లేదు అంటే రెండే కారణాలు ఎక్కువగా. ఒకటి, ఆ కేబుల్‌లో చార్జింగ్ వైర్లే ఉన్నాయి, డేటా వైర్లు లేవు, చౌక కేబుల్స్ కొన్ని ఇలాగే వస్తాయి, ఫోన్‌తో పాటు వచ్చింది వాడి చూడండి. రెండోది, ఆండ్రాయిడ్ మామూలుగా చార్జింగ్ మోడ్‌లోనే కనెక్ట్ అవుతుంది, పైనుంచి నోటిఫికేషన్లు కిందకి లాగి యూఎస్‌బీ అన్న దాని మీద నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోవాలి. లాక్ తీసుండాలి కూడా. లాక్ తియ్యకపోతే ఫోన్ పేరు కనపడుతుంది, లోపల ఖాళీగా ఉంటుంది, అది చూసి డేటా పోయిందని కంగారు పడొద్దు.

విండోస్‌లో అయితే ఇక ఏం ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. మ్యాక్‌లో ఆండ్రాయిడ్ ఫోన్ ఫైండర్‌లో దానంతటది కనపడదు, ఓపెన్ ఎంటీపీ అని ఉచిత యాప్ ఉంది, అది వేసుకోండి.

మరి పాడయింది చార్జింగ్ పోర్టే అయితే? రిపేర్‌కి వచ్చే ఫోన్లలో ఇదీ మామూలే, కేబుల్ మీద ఆశ వదులుకోవాల్సిందే. వైఫై మీద పంపించుకోవచ్చు, లోకల్ సెండ్ అనే యాప్ ఫోన్‌లో ఒకటి కంప్యూటర్‌లో ఒకటి వేసి రెండూ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ డేటా ఏమీ ఖర్చవ్వదు. ఆండ్రాయిడ్, విండోస్ మధ్య క్విక్ షేర్ కూడా ఉంది. బ్యాటరీ ఎంత మిగిలిందో చూసుకుని ముఖ్యమైనవి ముందు పంపండి, సినిమాలూ గట్రా తర్వాత.

ఆండ్రాయిడ్‌లో ఏమేం కాపీ చెయ్యాలి

కాపీ అంటున్నా, కట్ కాదు. కట్ చేసి పేస్ట్ చేస్తుండగా మధ్యలో కేబుల్ కదిలిందంటే ఫైల్ ఇటూ ఉండదు అటూ ఉండదు.

కెమెరా ఫోటోలు, వీడియోలు డీసీఐఎం (DCIM) ఫోల్డర్‌లో ఉంటాయి. స్క్రీన్‌షాట్లు కొన్ని ఫోన్లలో అందులోనే, కొన్నిట్లో పిక్చర్స్‌లో. డౌన్‌లోడ్, డాక్యుమెంట్స్, మూవీస్, మ్యూజిక్, రికార్డింగ్స్ ఇవన్నీ తీసుకోండి. నా మాట వింటే ఏరుకుంటూ కూర్చోకుండా, ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్ ఒక్కటి వదిలేసి మిగతావన్నీ ఎత్తి కంప్యూటర్‌లో తేదీ వేసిన ఫోల్డర్‌లో పడెయ్యండి, ఆ చెత్తలో ఏది అవసరమో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. ఒక్కసారే అన్నీ కాకుండా ఒక్కో ఫోల్డర్ చొప్పున కాపీ కొట్టండి, మధ్యలో ఆగినా ఎక్కడిదాకా అయిందో తెలుస్తుంది.

టైమ్ ఎంత పడుతుందంటే, టైప్ సి ఉన్నా చాలా ఫోన్లు లోపల యూఎస్‌బీ 2.0 వేగమే, సెకనుకి 30, 40 ఎంబీ వస్తే గొప్ప. 100 జీబీ ఉంటే గంటకి అటూ ఇటూ, చిన్న చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి లాప్‌టాప్ చార్జర్ పెట్టి స్లీప్ ఆఫ్ చేసుకుని మొదలెట్టండి, షాప్ మూసేసే టైమ్‌కి గంట ముందు మొదలెట్టే పని కాదిది. పాత పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, అది ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్‌ని కూడా తీసుకోదు, పొడుగు వీడియోలు అక్కడే ఆగిపోతాయి.

వాట్సాప్

దీనికి విడిగా చెప్పాల్సిందే. ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్‌లోకి వెళ్ళి ఇప్పుడే ఒక బ్యాకప్ కొట్టండి, లేకపోతే రాత్రి 2 గంటలకి దానంతటది తీసిందే ఉంటుంది, పొద్దున్నుంచి వచ్చినవి అందులో ఉండవు. అయ్యాక కంప్యూటర్‌లో చూస్తే, ఇందాక వదిలెయ్యమన్న ఆండ్రాయిడ్ ఫోల్డర్ లోపల మీడియా, దాని లోపల కామ్ డాట్ వాట్సాప్ (com.whatsapp), అందులో వాట్సాప్ అని ఫోల్డర్ ఉంటుంది. ఇది మొత్తం కాపీ చెయ్యండి. చాట్‌లు డేటాబేసెస్ ఫోల్డర్‌లో ఉంటాయి, ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు మీడియా ఫోల్డర్‌లో. అప్పుడే తీసిన బ్యాకప్ కంప్యూటర్‌లో కనపడకపోతే ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్ళీ పెట్టండి, కొత్త ఫైళ్ళని కంప్యూటర్‌కి చూపించడంలో ఆండ్రాయిడ్ కాస్త బద్ధకిస్తుంది.

ఆ చాట్ ఫైల్‌ని కంప్యూటర్‌లో తెరిచి చదవలేరు, ఎన్‌క్రిప్ట్ అయ్యుంటుంది. తిరిగి ఎక్కించాలంటే ఫోన్‌లో వాట్సాప్‌లో నంబర్ వెరిఫై చెయ్యకముందే ఆ ఫోల్డర్‌ని అదే చోట పెట్టాలి, ఆ తర్వాత అదే నంబర్‌తో లాగిన్ అయితే రీస్టోర్ చెయ్యనా అని అదే అడుగుతుంది. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసుకున్నవాళ్ళు అప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డో, 64 అక్షరాల కీయో గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆండ్రాయిడ్‌లో తీసిన ఈ బ్యాకప్ ఐఫోన్‌లో ఎక్కదు, రిపేర్ అయ్యేదాకా వేరే ఫోన్ వాడదామనుకునేవాళ్ళు గమనించాలి.

ఫైళ్ళుగా కనపడనివి

కాంటాక్ట్స్ తేలికే, కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, నొక్కితే విసిఎఫ్ ఫైల్ ఒకటి తయారవుతుంది, దాన్ని కంప్యూటర్‌లోకి వేసుకోండి. గూగుల్ అకౌంట్‌తో సింక్ అవుతున్నాయిలే అనుకుంటారు, కానీ కొన్ని నంబర్లు ఫోన్‌లోనో సిమ్‌లోనో సేవ్ అయ్యుంటాయి, ఎక్కడ సేవ్ చెయ్యాలని అడిగినప్పుడు ఎవరూ చదివి నొక్కరు కదా.

ఎస్ఎంఎస్‌లు, కాల్ లిస్ట్ కేబుల్‌తో రావు. ఎస్ఎంఎస్ బ్యాకప్ అండ్ రీస్టోర్ అనే యాప్ వాటిని ఒక ఫైల్‌గా రాసిస్తుంది, ఆ ఫైల్‌ని కాపీ చేసుకోవాలి. శాంసంగ్ ఫోన్ అయితే స్మార్ట్ స్విచ్‌ని కంప్యూటర్‌లో వేసుకుని బ్యాకప్ నొక్కితే కాంటాక్ట్స్, మెసేజ్‌లు, సెట్టింగ్స్ లాంటివన్నీ ఒకేసారి తీసుకుంటుంది, కాకపోతే దాన్ని మళ్ళీ శాంసంగ్‌లోకే ఎక్కించుకోవాలి.

ఓటీపీ కోడ్‌లు చూపించే ఆథెంటికేటర్ యాప్ వాడేవాళ్ళు దీన్ని అన్నిటికంటే ముందు చూసుకోండి. ఫోన్ రీసెట్ అయ్యాక, అంటే లోపలున్నవన్నీ చెరిగిపోయాక, ఆ కోడ్‌లు లేకపోతే అకౌంట్‌లోకి వెళ్ళడానికే తల ప్రాణం తోకకొస్తుంది. గూగుల్ ఆథెంటికేటర్‌లో ట్రాన్స్‌ఫర్ అకౌంట్స్ అని ఉంటుంది, అది చూపించే క్యూఆర్‌ని ఇంట్లో ఇంకో ఫోన్‌తో స్కాన్ చేస్తే కోడ్‌లన్నీ అందులోకి వస్తాయి. ఇంకో ఫోన్ లేకపోతే ముఖ్యమైన అకౌంట్లలోకి వెళ్ళి బ్యాకప్ కోడ్‌లు తీసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

శాంసంగ్ సెక్యూర్ ఫోల్డర్, గూగుల్ ఫోటోస్‌లో లాక్డ్ ఫోల్డర్ కేబుల్ పెడితే కనపడవు. వాటిలో ఉన్నవి బయటికి తెచ్చి కాపీ చేసుకుని ఫోన్‌లో తీసేసుకోండి, ఎలాగూ అవి షాప్‌కి వెళ్ళకూడదనే కదా దాచుకుంది. బ్యాంక్ యాప్‌లకి బ్యాకప్ అనేది లేదు, మళ్ళీ రిజిస్టర్ చేసుకోవడమే.

ఐఫోన్ వాళ్ళకి

ఇక్కడ పని తక్కువ. మ్యాక్‌లో అయితే ఫైండర్, విండోస్‌లో అయితే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే యాపిల్ డివైసెస్, పాత కంప్యూటర్ అయితే ఐట్యూన్స్. కేబుల్ పెట్టి, ఫోన్ మీద ట్రస్ట్ నొక్కి పాస్‌కోడ్ కొట్టి, మొత్తం డేటాని ఈ కంప్యూటర్‌లోకి బ్యాకప్ చెయ్యమని ఎంచుకుని బ్యాకప్ నౌ నొక్కాలి. వాట్సాప్ చాట్‌లు కూడా ఇందులోనే వచ్చేస్తాయి.

అక్కడే ఎన్‌క్రిప్ట్ లోకల్ బ్యాకప్ అని ఒక టిక్ ఉంటుంది, చాలామంది పట్టించుకోరు, అది తప్పకుండా పెట్టండి. అది లేకుండా తీస్తే సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా, కాల్ హిస్టరీ బ్యాకప్‌లోకి రావు. పెట్టిన పాస్‌వర్డ్ మాత్రం రాసిపెట్టుకోవాలి, మర్చిపోతే ఆ బ్యాకప్‌ని యాపిల్ వాళ్ళు కూడా తెరవలేరు.

ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే ఆ ఫోటోలు ఈ బ్యాకప్‌లో ఉండవు, ఐక్లౌడ్‌లోనే ఉంటాయి, అప్‌లోడ్ పూర్తయిందో లేదో ఫోటోస్ యాప్‌లో చూసుకోండి. ఐక్లౌడ్ వాడకుండా విండోస్‌లోకి ఫోటోలు విడిగా కాపీ చేసేటప్పుడు మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోతుంటే, ఫోన్ సెట్టింగ్స్‌లో (కొత్త ఐఓఎస్‌లో అయితే యాప్స్ లోపల) ఫోటోస్‌లోకి వెళ్ళి కింద ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ దగ్గర కీప్ ఒరిజినల్స్ పెట్టండి, చాలావరకు సర్దుకుంటుంది. బ్యాకప్ సిస్టమ్ డ్రైవ్‌లోకే వెళ్తుంది కాబట్టి అక్కడ ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

తెరిచి చూడండి

కాపీ అయిపోయిందన్న మెసేజ్‌ని నమ్మి లేచిపోవద్దు. ఫోన్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ళెన్నో చూడండి, కంప్యూటర్‌లో ఎన్నొచ్చాయో చూడండి, రెండూ కలవాలి. తర్వాత పాత ఫోటోలు నాలుగు, కొత్తవి నాలుగు తెరవండి, ఒక పెద్ద వీడియోని చివరికి జరిపి ప్లే చెయ్యండి. విసిఎఫ్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నంబర్లు కనపడతాయి, పేర్లు తెలుగులో ఉంటే గజిబిజిగా కనపడొచ్చు, పర్లేదు. ఐఫోన్ అయితే మేనేజ్ బ్యాకప్స్‌లో ఈరోజు తేదీ, టైమ్ ఉందో లేదో చూస్తే సరి, మ్యాక్‌లో అక్కడే రైట్ క్లిక్ చేసి ఆర్కైవ్ కొడితే తర్వాత తీసే బ్యాకప్ దీని మీద పడకుండా ఉంటుంది.

ఇచ్చే ముందు

సిమ్, మెమరీ కార్డ్ తీసేసుకోండి. కార్డ్‌ని ఫోన్ స్టోరేజ్‌లో భాగంగా ఫార్మాట్ చేసుకునుంటే మాత్రం అది ఆ ఫోన్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు, కాబట్టి అందులోవి కూడా కేబుల్‌తో ముందే లాగేసుకోవాలి.

పిన్ చెప్పమంటే చెప్పక్కర్లేదు. శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ అని ఉన్నాయి, ఆన్ చేసి ఇస్తే వాళ్ళు టచ్, కెమెరా, స్పీకర్ అన్నీ టెస్ట్ చేసుకోవచ్చు, మన ఫోటోలు, యాప్‌లు మాత్రం కనపడవు. ఇవి లేని ఫోన్ అయితే, బ్యాకప్ సరిగ్గా ఉందని నమ్మకం కుదిరాక రీసెట్ చేసి ఇవ్వడమే నా లెక్క ప్రకారం మంచిది. ఆండ్రాయిడ్‌లో రీసెట్‌కి ముందు సెట్టింగ్స్‌లోంచి గూగుల్ అకౌంట్ తీసెయ్యండి, ఐఫోన్‌లో ఫైండ్ మై (పోయిన ఫోన్ వెతికే సదుపాయం) ఆఫ్ చెయ్యండి, లేకపోతే ఫోన్ తెరిచినప్పుడు అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతూ లాక్ అయి ఉంటుంది, వాళ్ళు మీకు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఈ-సిమ్ (eSIM, కార్డ్ లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్) వాడేవాళ్ళు రీసెట్ చేసేటప్పుడు అది కూడా చెరిపెయ్యాలా అని అడిగితే వద్దు అనండి.

ఫోన్ తిరిగొచ్చాక ఐఫోన్‌లో రీస్టోర్ కాకపోతే ముందు ఐఓఎస్ అప్‌డేట్ చెయ్యండి, బ్యాకప్ తీసినప్పటి వెర్షన్ కంటే పాతదాంట్లో అది ఎక్కదు. అన్నీ వెనక్కి వచ్చేశాయనుకున్నా కంప్యూటర్‌లో కాపీని వెంటనే డిలీట్ చెయ్యకండి, ఓ నెల ఉంచండి, ఏదో ఒక రికార్డింగో పీడీఎఫ్‌ఫో కావాలని అప్పుడే గుర్తొస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లోనో ఫ్రెండ్ లాప్‌టాప్‌లోనో తీసినవాళ్ళు మాత్రం సొంత డ్రైవ్‌లోకి మార్చుకుని అక్కడిది డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి రండి.