హాంకాంగ్ పీక్ ట్రామ్: ఎక్కడానికి ట్రామ్, దిగడానికి బస్సు

హాంకాంగ్ వెళ్లేవాళ్లకు ఒక చిట్కా. విక్టోరియా పీక్‌కు వెళ్లే పీక్ ట్రామ్ 1888 నుంచి నడుస్తోంది. తీగ లాగితే కొండెక్కే బండి ఇది. సాయంత్రం లైట్లు చూద్దామని అందరూ ఒకేసారి రావడంతో గార్డెన్ రోడ్డులోని కింది స్టేషన్ దగ్గర క్యూ బాగా పెరిగిపోతుంది. అందుకే సూర్యాస్తమయానికి కనీసం గంటన్నర ముందే ఎక్కేయండి. పగటి వెలుతురు, చీకటి, రెండింట్లోనూ ఊరిని చూడొచ్చు.

ఎక్కేటప్పుడు కుడివైపు కూర్చోండి, దృశ్యమంతా అటే. ఆక్టోపస్ కార్డు (అక్కడి బస్సులు, రైళ్లలో వాడే ప్రీపెయిడ్ కార్డు) పనిచేస్తుంది.

పైన పీక్ టవర్ బాణలి ఆకారంలో ఉంటుంది. దాని మీది స్కై టెర్రస్ 428కి విడిగా టికెట్ కొనాలి. నన్నడిగితే అక్కర్లేదు. లుగార్డ్ రోడ్డు పట్టుకుని పావుగంట, ఇరవై నిమిషాలు నడిస్తే ఆకాశహర్మ్యాలు, హార్బర్, అవతల కౌలూన్ అన్నీ కనిపిస్తాయి, పైసా ఖర్చు లేదు. దారి దాదాపు చదునే, పెద్దవాళ్లు కూడా మెల్లగా నడవగలరు. అంత ఓపిక లేకపోతే టవర్ పక్కనే లయన్స్ పెవిలియన్ ఉంది, అదీ ఉచితమే, కాకపోతే ఫొటోల కోసం కాస్త తోసుకోవాలి.

తిరుగు ప్రయాణానికి ట్రామ్ క్యూలో నిలబడే బదులు 15వ నంబరు బస్సెక్కండి. ఊరి నడిబొడ్డున ఉన్న సెంట్రల్ ప్రాంతానికి వెళ్తుంది, చార్జీ ట్రామ్ కంటే చాలా తక్కువ. డబుల్ డెక్కర్ కాబట్టి పై అంతస్తులో ముందు సీటు దొరికితే మలుపులు భలేగా ఉంటాయి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మాత్రం కిందే కూర్చోండి.

వసంతకాలంలో కొండను పొగమంచు కప్పేస్తుంటుంది. కింది నుంచి శిఖరం కనబడకపోతే ఆ రోజు టికెట్ కొనకండి.