గ్రూప్ వర్క్ కుదరట్లేదా? ముందు మీరిచ్చిన పని చూడండి

నలుగురిని ఒకచోట కూర్చోబెట్టి చార్ట్ చేతికిస్తే గ్రూప్ వర్క్ అయిపోదని నాకు తెలిసొచ్చేసరికి బోలెడు చార్టులు ఖర్చయ్యాయి. ఎనిమిదో తరగతి లెక్కలు, 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్. నాకు ఎదురైనవి ఇవి.

సమస్య: ఒకరు రాస్తారు, ముగ్గురు చూస్తారు

స్కెచ్ పెన్ ఎప్పుడూ క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల చేతిలోనే. ఒకడు స్కేలు పట్టుకుంటాడు, ఇంకొకడు చార్ట్ అంచున పువ్వులు వేస్తుంటాడు. వాళ్లని తిట్టి లాభం లేదు, ఆ లెక్క ఒక్కరే చేసేయగలిగితే మిగతావాళ్లకి పనేముంది?

అందుకే లెక్కనే ముక్కలు చేసి పంచేయండి. వడ్డీ పాఠానికి నేను గ్రూపుకి నాలుగు చీటీలు ఇస్తాను: ఒకదాంట్లో అప్పు 10,000, ఒకదాంట్లో నూటికి నెలకు 2 రూపాయలు, ఇంకోదాంట్లో 18 నెలలు, చివరిదాంట్లో "బ్యాంకులో ఏడాదికి 12 శాతం బారువడ్డీకి తెచ్చుంటే ఎంత మిగిలేది?" అని. చీటీ చదివి వినిపించాలి తప్ప పక్కవాళ్లకి చూపించకూడదు. ఇక నోరు విప్పక తప్పదు. వడ్డీ 3,600 అని, బ్యాంకులో అయితే 1,800 అని తేలాక, "రెండు రూపాయల వడ్డీ" అంటే ఏడాదికి 24 శాతమా అని వెనక బెంచీ వాడు కూడా నోరెళ్లబెడతాడు. (ఎవరింట్లో ఎంత అప్పుందో మాత్రం ఆరా తీయకండి.)

దీనికి దగ్గరి చుట్టం జిగ్సా పద్ధతి. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో తెల్ల, నల్లజాతి పిల్లలు కొత్తగా ఒకే క్లాసులో చేరి గొడవపడుతుంటే, ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని తలా ఒక ముక్కగా పంచి, ఒకరికొకరు చెప్పుకుంటే తప్ప పాఠం పూర్తి కాకుండా చేశాడు.

సమస్య: గోల, పక్క క్లాసు టీచర్ తొంగి చూడటం

సగం గోల బెంచీలు జరపడంలోనే. జరపకండి, ముందు బెంచీ వాళ్లిద్దరినీ వెనక్కి తిరిగి కూర్చోమంటే చాలు, నలుగురయ్యారు. ఏం చెయ్యాలో మాత్రం తిరగకముందే చెప్పేయాలి, తిరిగాక మీ మాట ఎవడూ వినడు. మిగిలే చప్పుడు లెక్క గురించే అయితే పక్క టీచర్‌కి ముందే ఒక మాట చెప్పి ఊరుకోండి.

సమస్య: ఆడపిల్లలు, మగపిల్లలు కలవరు

మొదటి రోజే పక్కపక్కన కూర్చోబెట్టకండి. ఎదురెదురు బెంచీలు సరిపోతాయి.

సమస్య: గ్రూపులు చెప్పేసరికి గంట కొట్టేస్తారు

పది గ్రూపులు, తలా మూడు నిమిషాలు అంటే అరగంట, పైగా అందరిదీ ఒకటే జవాబు. చీటీ తీసి ఒక్క గ్రూపుని పిలవండి, అందులోనూ ఎవరు చెప్పాలో చీటీతోనే తేల్చండి, అప్పుడు పువ్వులు వేసేవాడు కూడా పక్కవాళ్లని అడిగి నేర్చుకుంటాడు. మిగతా గ్రూపుల్లో వేరే జవాబు వచ్చినవాళ్లు మాత్రమే లేవాలి.