ర్యాలీ మధ్యలో ఉలాన్‌బాతర్‌లో విశ్రాంతి రోజు: ఎలా గడపాలి?

పెకింగ్ (ఇప్పటి బీజింగ్) నుంచి పారిస్ దాకా సాగే కార్ల ర్యాలీలో గోబీ ఎడారి దాటి మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ చేరేసరికి పళ్ల మధ్య కూడా ఇసుకే. రూటు మంగోలియా మీదుగా ఉన్నప్పుడు ఇక్కడ తరచూ ఒక రోజు విశ్రాంతి ఇస్తారు. పేరుకే విశ్రాంతి, అందులో సగం కారుదే. ఆ సగాన్ని మధ్యాహ్నంలోపు అవగొడితే మిగిలింది మీది.

1. ముందు రోజు రాత్రే మొదలుపెట్టండి

రూముకెళ్లగానే మంచమెక్కొద్దు. దారిలో కారు చేసిన ప్రతి కొత్త చప్పుడూ డ్రైవరు, పక్కన కూర్చుని దారి చెప్పే నావిగేటరు కలిసి కాగితం మీద రాసుకోవాలి. తెల్లారితే సగం గుర్తుండవు. మాసిన బట్టలు కూడా అప్పుడే లాండ్రీకి ఇచ్చేయండి. హోటల్ నిండా మీలాంటి దుమ్ముకొట్టుకుపోయిన వాళ్లే కదా!

2. పొద్దున్నే గ్యారేజీకి

వెల్డింగ్ పని ఉంటే ముందు అక్కడ వంతు పెట్టుకుని, ఈలోపు మిగతావి చూసుకోండి. ఎడారి బాటల మీద అలల్లాంటి గట్లుంటాయి. వాటి కుదుపుకి వీల్ నట్లు, షాక్ అబ్జార్బర్ బోల్టులు వదులవుతాయి. చూసి వదిలేయకుండా పానా పెట్టి బిగించండి. పాత కార్లలో కమాన్ కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) జాగ్రత్త: ఒక పట్టీ విరిగితే దాని బరువు పక్కవాటి మీద పడి అవీ విరుగుతాయి. ఎయిర్ ఫిల్టర్‌కి లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి. తిరగేసి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. రేడియేటర్‌కీ అంతే, ఇంజన్ వైపు నుంచి నీళ్లు కొట్టండి. స్టెప్నీ పంక్చర్ వేయించడం మరవద్దు.

బాగా నడుస్తున్నదాన్ని మాత్రం ముట్టుకోకండి. ఎలాగూ ఖాళీయే కదా అని కార్బురేటర్ విప్పితే సాయంత్రం దాకా అక్కడే.

3. తిని పడుకోండి

ఇక్కడి వంటకం ఖూషూర్ చూడ్డానికి మన కజ్జికాయే, కొరికితే లోపల మాంసం. టీలో పాలతో పాటు ఉప్పు ఉంటుంది, ముందే తెలిస్తే ఉలిక్కిపడరు. తర్వాత రెండు గంటలు నిద్ర.

4. ఊళ్లో ఒక్క చోటు చాలు

ట్రాఫిక్ ఘోరం, అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. నా ఓటు గందన్ బౌద్ధ మఠానికే. అక్కడి 26 మీటర్ల అవలోకితేశ్వరుడి విగ్రహం ముందు తలెత్తి నిలబడితే నడుం నొప్పి కాసేపు గుర్తుకురాదు. వెళ్లడానికి మీ కారు తీయకండి, టాక్సీ ఎక్కండి. ఇక్కడ తిరిగే, జపాన్ నుంచి వచ్చిన పాత కార్లకు మన దగ్గరలాగే స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. కానీ మనలా ఎడమవైపు కాదు, నడపాల్సిందీ రోడ్డుకు కుడివైపే. మనవాళ్లు తికమకపడేది అక్కడే.

5. చీకటి పడకముందే పెట్రోలు

1907 నాటి మొదటి పెకింగ్–పారిస్ పందెంలో ఇదే దారిలో ఇటాలా కారులో వెళ్లి గెలిచిన ఇటలీ రాకుమారుడు బోర్గీస్ కోసం పెట్రోలును ఒంటెల మీద ముందే పంపి ఉంచారు. అప్పట్లో ఈ ఊరి పేరు ఉర్గా. ఇప్పుడు బంకులున్నాయి గానీ, ఊరు దాటాక దూరదూరంగా ఉంటాయి. ట్యాంకుతో పాటు నీళ్ల డబ్బాలూ నింపి, మర్నాటి రూట్ బుక్ ఒకసారి తిరగేసి, అలారం పెట్టుకోండి.